బైండరు హామీ సంతకం

పుస్తకాలకి అట్టలు వేసేవాడు పుస్తకం చదవకూడదు. ఇదెక్కడా రాసిపెట్టిన రూలు కాదు గానీ, మన బైండరుకి పని నేర్పిన పెద్దాయన మొట్టమొదట చెప్పిన మాట అదే. చదవడం మొదలుపెట్టావంటే చెయ్యి ఆగుతుంది, చెయ్యి ఆగితే జిగురు ఆరిపోతుంది, జిగురు ఆరితే ఆ పూట కూలి గోవిందా అనేవాడట ఆయన. దాంతో బైండరు నలభై ఏళ్ళలో ఎన్ని వేల పుస్తకాలు కుట్టాడో లెక్కలేదు గానీ ఒక్కటంటే ఒక్కటీ చదవలేదు. పేజీ నంబర్లు వరసగా ఉన్నాయా, ఫారాలు, అంటే అచ్చుకాగితాల మడతలు, తలకిందులు కాలేదు కదా, అంచులు సమంగా తెగాయా, చూసేది అంతే. లోపలేముందో రాసినవాడికీ కొనేవాడికీ తెలిస్తే చాలు, మధ్యలో నాకెందుకండీ అనేవాడు.

ఆ అలవాటే ఆయన కొంప ముంచబోయింది. కొంప అంటే మాటవరసకి అనడం లేదు, నిజంగా కొంపే. కింద షాపు, పైన రెండు గదులు, వెనక బట్టలారేసుకునే జాగా, అంతా కలిపి.

నోటీసు ఒక మంగళవారం పొద్దున వచ్చింది. బైండరు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "నాలుగు పేజీలు. పిన్ను వంకరగా కొట్టారు," అన్నాడు.

"పిన్ను సంగతి తగలెయ్యండి. ఇలా ఇవ్వండి," అని భార్య లాక్కుని చదివింది. చదువుతూ చదువుతూ మెట్ల మీద కూలబడిపోయింది. ఎదురుగా ఉన్న ప్రెస్సు బిల్డింగు వేలంలో అమ్ముడైంది. వచ్చిన డబ్బు బ్యాంకు బాకీకి చాల్లేదు. తక్కిన మొత్తం హామీదారు కట్టాలి. ముప్ఫై రోజుల్లో కట్టకపోతే ఈ షాపు, పై ఇల్లు వేలానికి పెడతారు. హామీదారు ఎవరయ్యా అంటే, ఇదిగో, పిన్ను వంకర చూస్తూ నిలబడ్డ ఈ మహానుభావుడు.

"నేను సంతకం పెట్టాను కదే, కట్టాల్సిందే మరి," అన్నాడు బైండరు.

"దేంతో కడతారు? జిగురుతోనా?" అంది భార్య.

బైండరు వీధికి అవతల, తాళం వేసిన ప్రెస్సు షట్టరు వైపు చూశాడు. షట్టరు మీద వేలం కాగితం అతికించిన చోట ఒక మూల లేచిపోయి గాలికి కొట్టుకుంటోంది. నేనైతే ఇంకాస్త జిగురు రాసేవాణ్ణి అనుకున్నాడు. వెంటనే తన మీద తనకే ఒళ్ళుమండింది.

ఆ ప్రెస్సు మూడు దశాబ్దాల పాటు ఆయన జీవితంలో సగం. అబ్బే, సగం అంటే తక్కువ చెప్పినట్టే. పొద్దున తొమ్మిదింటికి అక్కడ ట్రెడిల్ మిషను టకటక మొదలైతే గానీ ఇక్కడ ఈయన చెయ్యి కదిలేది కాదు. అచ్చయిన కాగితాలు సిరా ఆరీ ఆరకుండానే రెండు చేతుల మీదా పెట్టుకుని ప్రెస్సాయన వీధి దాటి వచ్చేవాడు. "తప్పుకోండమ్మా, తప్పుకోండి, తడి సరుకు," అని అరుచుకుంటూ వస్తుంటే సైకిళ్ళు కూడా ఆగేవి. ఈయన మడిచేవాడు, కుట్టేవాడు, అంచులు కోసేవాడు. మధ్యాహ్నం ఒకే కేరేజీ. ఈ ఇంటి కూర, ఆ ఇంటి పప్పు. ఎవరి డబ్బా ఎవరింటికి వెళ్ళిందో ఆడవాళ్ళు వారానికోసారి కూర్చుని లెక్కతేల్చుకునేవాళ్ళు.

అన్నిటికంటే బైండరుకి గుర్తున్నవి ఆ మధ్యాహ్నాలే. తిన్నాక ప్రెస్సాయన ప్రూఫుల కట్ట పట్టుకుని ఈ షాపుకే వచ్చేవాడు. ప్రెస్సులో మిషను చప్పుడుకి తప్పులు దొరకవట. కళ్ళజోడు ముక్కు మీదకి దించి, గట్టిగా చదివేవాడు. కామా వస్తే కామా అని, ఫుల్‌స్టాపు వస్తే ఫుల్‌స్టాపు అని, అక్షరం వదలకుండా. బైండరు కుడుతూ వినేవాడు. ఆ లెక్కన పుస్తకం చదవని మనిషి కొన్ని వందల పుస్తకాలు విన్నాడు. గణితం విన్నాడు, పశువుల వైద్యం విన్నాడు, ఎవరో పెద్దమనిషి సొంత డబ్బుతో వేయించుకున్న ఆత్మకథ విని వారంరోజులు నవ్వాడు. వాళ్ళ మాటల్లోకి కూడా అది పాకిపోయింది. "టీ తాగొద్దాం కామా డబ్బులు నువ్వే ఇవ్వాలి ఫుల్‌స్టాపు," అనేవాడు ప్రెస్సాయన. "నిన్న నేనిచ్చాను కామా సిగ్గుండాలి," అనేవాడు బైండరు. టీకొట్టావిడ ఈ ఇద్దరికీ పిచ్చి అని తీర్మానించేసింది.

ఎంత బావుండేవో ఆ రోజులు! అప్పుడు తెలీలేదు. సుఖంగా ఉన్నప్పుడు ఎవరికి మాత్రం తెలుస్తుంది చెప్పండి?

అలా ఉండగా, ఏడేళ్ళ కిందట, ప్రెస్సాయన కొత్త మిషను కొనాలనుకున్నాడు. రంగులు వేసే పెద్ద మిషను. పాత ట్రెడిల్ మీద పెళ్ళిపత్రికలు కూడా ఎవరూ వేయించుకోవడం లేదు మరి. బిల్డింగు బ్యాంకుకి తాకట్టు పెడితే అప్పిస్తామన్నారు గానీ, పైన ఇంకో ఆస్తిపరుడి హామీ కావాలన్నారు. ప్రెస్సాయన నోరు తెరిచి అడగలేదు. మూడు రోజులు నీళ్ళు నమిలాడు. నాలుగో రోజు బైండరే విసుక్కుని, "ఎక్కడ పెట్టాలిరా సంతకం? నడు," అని చొక్కా వేసుకున్నాడు.

బ్యాంకులో ఏం జరిగిందో తరవాత వీధంతా చెప్పుకుని నవ్వుకుంది. పద్నాలుగు పేజీల పత్రం ఇచ్చారు. బైండరు దాన్ని టకటకా తిప్పి, ఏడో పేజీ, ఎనిమిదో పేజీ అటూ ఇటూ అయ్యాయని పట్టుకున్నాడు. గుమాస్తా చేత పిన్ను ఊడబీకించి, సరిచేయించి, తనే పక్కన ఉన్న సూదీ దారం అడిగి మూడు కుట్లు వేసి, "ఇదీ పత్రమంటే," అని గర్వంగా సంతకం గీకేశాడు. ఒక్క ముక్క చదవలేదు. ప్రెస్సాయన మాత్రం గోడకి ఆనుకుని నిలబడి మొదటి అక్షరం నించి చివరి అక్షరం దాకా గంటసేపు చదివాడు. ఆఫీసరు టీ రెండు సార్లు చల్లారిపోయింది. చదివాక, "ఒరేయ్, నువ్వొక్కసారి ఇంటికి తీసుకెళ్ళి ఎవరిచేతైనా చదివించుకోరా," అన్నాడు. "పేజీలన్నీ ఉన్నాయి కదరా, పద ఆకలేస్తోంది," అన్నాడు ఈయన.

కొత్త మిషను వచ్చింది. రెండేళ్ళు బాగానే ఆడింది. ఆ తరవాత ఊళ్ళో కాగితం పనే తగ్గిపోయింది, అందరూ ఫోన్లలోనే అన్నీ పంపేసుకుంటున్నారాయె. వాయిదాలు తప్పాయి. బ్యాంకు కోర్టుకెళ్ళింది. తీర్పు వచ్చింది. ఆరు నెలల్లో బాకీ కట్టకపోతే తాకట్టు బిల్డింగు అమ్మాలి, చాలకపోతే తక్కినది హామీదారు ఆస్తి నించి రాబట్టాలి. తీర్పు వచ్చిన పొద్దున ఇద్దరూ టీకొట్టు దగ్గర పక్కపక్కనే నిలబడ్డారు. బైండరు ప్రెస్సాయన భుజం మీద చెయ్యేసి, "ఏదో ఒకటి చేద్దాంలేరా," అన్నాడు. ప్రెస్సాయన గ్లాసులో టీ సగం వదిలేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున పదింటికి, వీధి నిండా జనం ఉన్నప్పుడు, ప్రెస్సాయన చేతిలో ఒక పుస్తకం పట్టుకుని వచ్చాడు. షాపులోకి రాలేదు, వీధి మధ్యలోనే నిలబడ్డాడు.

"ఏమయ్యా, కళ్ళు దొబ్బాయా నీకు? అట్ట తిరగేసి వేశావు!" అని అరిచాడు. "పని చేతకాకపోతే మూసుకుని ఇంట్లో కూర్చో. నీ వల్ల నా ప్రెస్సు పరువు పోయింది. ఇవాళ్టి నించి నీకూ నాకూ మాటల్లేవు. నా గుమ్మం తొక్కావంటే బావుండదు."

పుస్తకం ఈయన కాళ్ళ దగ్గర పడేసి వెళ్ళిపోయాడు. బైండరు వంగి తీశాడు. అట్ట సరిగ్గానే ఉంది. నలభై ఏళ్ళలో ఒక్క అట్ట తిరగేసి వేసిన మనిషి కాదాయన. తాగుబోతన్నా ఊరుకునేవాడు, దొంగన్నా నవ్వేసేవాడేమో. పని చేతకాదన్నాడు! పదిమందిలో! ఆ రోజు బైండరు అన్నం ముట్టలేదు.

అప్పు ఎగ్గొట్టి మొహం చాటెయ్యడానికే ఈ గొడవ పెట్టుకున్నాడని వీధిలో అనుకున్నారు. బైండరు మొదట్లో ఒప్పుకోలేదు. రెండు సార్లు వీధి దాటి వెళ్ళాడు కూడా. రెండు సార్లూ ప్రెస్సాయన షట్టరు దించేశాడు. మూడోసారి ఈయనకీ పంతం వచ్చింది. అదిగో, అక్కణ్ణించి రెండేళ్ళు. ఆరు నెలలయ్యాక ప్రెస్సు అమ్ముడుపోతుందనుకున్నాడు, పోలేదు. ఇంకో ఏడాది నడిచింది. ఎలా నడిచిందో ఎవరూ చెప్పలేదు, ఈయన అడగనూ లేదు. మధ్యాహ్నాలు షాపులో గడియారం చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఒకరోజు భార్య రేడియో తెచ్చి బల్ల మీద పెట్టింది. రెండు రోజులు విని కట్టేశాడు. అందులో కామాలు చదవరు.

ఆ తరవాత వేలం, ఆ తరవాత ఈ నోటీసు.

బైండరుకి ఒక అక్క. ఆవిడ కూతురు లాయరు. పిల్లకి ముప్ఫై ఏళ్ళుంటాయి, గడగడా మాట్లాడుతుంది, మేనమామంటే ప్రాణం. నోటీసు చూడగానే స్కూటరేసుకుని కోర్టుకెళ్ళింది. నాలుగు రోజుల తరవాత కాగితాల కట్టతో షాపుకొచ్చి, కటింగ్ మిషను పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"మామయ్యా, ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. తీర్పు మార్చారని నీకు తెలుసా?"

"మార్చడమేంటి?"

"మొదటి తీర్పు వచ్చిన అయిదు నెలలకి ప్రెస్సు మామయ్యగారు కోర్టులో దరఖాస్తు పెట్టారు. బ్యాంకు ఒప్పుకుంది. జడ్జిగారు తీర్పు సవరించారు. ఆరు నెలల గడువు ఇంకో ఏడాది పెరిగింది, వడ్డీ కూడా పెరిగింది. నిన్ను ఎవరైనా అడిగారా? ఎక్కడైనా సంతకం పెట్టావా?"

"లేదు."

"ఆయన నోటిమాటగానైనా చెప్పాడా?"

బైండరు మొహం ఎర్రబడింది. "నాకు చెప్పకుండా మార్చాడా? నా ఇల్లు దాని కింద ఉందని తెలిసీ?"

"అదే మామయ్యా. చట్టం ఏమంటుందంటే, నువ్వు ఏ అప్పుకి హామీ ఉన్నావో దానికే బాధ్యుడివి. అప్పిచ్చినవాడూ తీసుకున్నవాడూ కలిసి నీ వెనకాల షరతులు మార్చేసుకుంటే, అది నువ్వు సంతకం పెట్టిన అప్పు కాదు. నువ్వు బయటపడ్డట్టే." పిల్ల కట్టలోంచి హామీ పత్రం తీసి పేజీలు తిప్పింది. "కాకపోతే వాళ్ళు ఊరుకోరు. నీ పత్రంలో పదకొండో పేజీలో ఒక మాట ఉంది. గడువు పెంచితే హామీదారుకి అభ్యంతరం లేదని నువ్వు ముందే ఒప్పుకున్నావు."

"నేనా?"

"కుట్లు కూడా వేశావటగా. ఆ మాట ఉంది కాబట్టి గడువు సంగతి మనకి పనికిరాదు. కానీ వడ్డీ పెంచడం గురించి అందులో ఒక్క ముక్క లేదు. మనం నిలబడేది ఆ వడ్డీ మీదే. అప్పుడు వాళ్ళనేది ఒక్కటే ఉంటుంది. నీకంతా తెలుసు, తెలిసీ నోరుమూసుకుని ఒప్పుకున్నావు అంటారు. మీ ఇద్దరి స్నేహం ఊరందరికీ తెలుసు కదా. నీకు తెలీదని జడ్జిగారు నమ్మితే ఇల్లు దక్కుతుంది. నమ్మకపోతే లేదు."

బైండరుకి ఇల్లు పోతుందన్న భయం ఒక పక్క. కానీ నిజం చెప్పొద్దూ, ఆయన్ని కోసేసింది అది కాదు. ముప్ఫై ఏళ్ళు ప్రతి కామా వినిపించినవాడు ఈ ఒక్క సంగతి వినిపించలేదు. "వెయ్యమ్మాయ్ దావా," అన్నాడు. "వాడేం మనిషో కోర్టులోనే తేలుతుంది."

దావా తేలేదాకా వేలం ఆపమంది కోర్టు. విచారణ రోజు గదిలో ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. బెంచీల వార్నిషు వేసవి ఎండకి అతుక్కుంటోంది. బ్యాంకు లాయరు పొడుగ్గా, నున్నగా దువ్విన జుట్టుతో, నవ్వుమొహం మనిషి. అలాంటివాళ్ళతోనే జాగ్రత్తగా ఉండాలి.

"మీరిద్దరూ ముప్ఫై ఏళ్ళు ఒకే కేరేజీలో తిన్నారు కదండీ?"

"తిన్నామండీ."

"ఆయనింట్లో చీమ చిటుక్కుమన్నా మీకు తెలిసేది కదా?"

"తెలిసేదండీ. ఆ చీమ ఎందుకు చిటుక్కుమందో కూడా వాడే చెప్పేవాడు."

గదిలో నవ్వులు. లాయరూ నవ్వాడు. "అలాంటిది, మీ ఇంటి మీదకొచ్చే సంగతి మాత్రం చెప్పలేదంటారు. మమ్మల్ని నమ్మమంటారు."

"నమ్మితే నమ్మండి, మానితే మానండి. వాడు నా మొహం చూసి రెండేళ్ళయింది. ఎందుకు చూడట్లేదో మీకు తెలిస్తే మీరే నాకు చెప్పండి," అన్నాడు బైండరు. అది సాక్ష్యంలా లేదు, అప్పుడే తగిలిన దెబ్బలా ఉంది. జడ్జిగారు కళ్ళజోడు తీసి ఆయన వైపు చూశారు.

టీకొట్టావిడ బోనెక్కింది. "ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు ఎదురుపడకుండా టైము చూసుకుని వచ్చేవాళ్ళండీ. ఒకాయన పదింటికి, ఒకాయన పదింపావుకి. నేను రెండుసార్లు పాలు కాచుకోవాల్సి వచ్చేది. రెండేళ్ళ గ్యాసు ఖర్చు ఎవరిస్తారండీ నాకు?" అని జడ్జిగారినే అడిగింది. ఆ ఖర్చు ఈ దావాలో లేదమ్మా అన్నారాయన.

ఆఖరున ప్రెస్సాయన్ని పిలిచారు. బాగా చిక్కిపోయాడు. చొక్కా కాలరు అరిగిపోయి ఉంది, జేబులో మాత్రం ఎప్పట్లాగే ఎర్ర పెన్ను. బోనెక్కుతూ బైండరు వైపు కన్నెత్తి చూడలేదు.

"తీర్పు మార్పించుకుంటున్నట్టు హామీదారుకి చెప్పారా?" అడిగాడు బ్యాంకు లాయరు.

"లేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్పదలుచుకోలేదు."

"ముప్ఫై ఏళ్ళ స్నేహితుడికి చెప్పదలుచుకోలేదా?"

"లేదు. ఆయనతో రెండేళ్ళుగా ఒక్క మాట మాట్లాడలేదు. మనిషి ద్వారా చెప్పించలేదు, కాగితం రాయలేదు. ఆ రోజు నేనేమని అరిచానో వీధంతా విన్నారు, వాళ్ళనే అడగండి."

అంతే చెప్పాడు. రాయిలా నిలబడి చెప్పి, రాయిలా దిగిపోయాడు. బైండరు ఆ వీపు తలుపు దాటేదాకా చూస్తూ కూర్చున్నాడు. ఒక్కసారి, ఒక్కసారి తిరిగి చూస్తే వాడి సొమ్మేం పోయింది? భార్య ఆయన చెయ్యి పట్టుకుంటే విడిపించుకున్నాడు.

మూడు వారాలకి తీర్పు వచ్చింది. హామీదారుకి తెలియకుండా, అతని ఒప్పుదల లేకుండా వడ్డీ పెంచారు కాబట్టి అతని బాధ్యత తీరిపోయింది. తక్కిన బాకీ అప్పు తీసుకున్నవాడి దగ్గరే రాబట్టుకోవాలి. షాపు మీదా ఇంటి మీదా బ్యాంకుకి ఏ హక్కూ లేదు.

ఇంట్లో భార్య ఏడ్చింది, అక్క ఏడ్చింది, వీధిలో నలుగురూ వచ్చి చేతులు పట్టుకున్నారు. బైండరు మాత్రం అట్టల కట్ట ముందేసుకుని కూర్చున్నాడు. గెలిచినవాడి మొహమా అది? మంచి పన్ను పీకించుకున్నవాడిలా ఉన్నాడు.

అందరూ వెళ్ళాక మేనకోడలు మళ్ళీ ఆ స్టూలు లాక్కుంది. "మామయ్యా, ఇప్పుడొకటి చూపిస్తా. ముందే చూపించేదాన్ని, కానీ నీ సంగతి నాకు తెలుసు. నీకు అబద్ధం చెప్పడం రాదు, మనసులో ఏదైనా పెట్టుకుంటే నిజం చెప్పడం కూడా రాదు. నువ్వు ఆ కోపంతోనే బోనెక్కాలి, అందుకే ఆగాను."

రెండు కాగితాలు బల్ల మీద పరిచింది. మొదటిది బ్యాంకు ప్రెస్సాయనకి రాసిన ఉత్తరం. గడువు ఏడాది పెంచడానికి మాకు అభ్యంతరం లేదు, పాత వడ్డీకే ఇస్తాం అని ఉంది. రెండోది ప్రెస్సాయన కోర్టుకి పెట్టుకున్న దరఖాస్తు.

"ఇక్కడ చూడు. వడ్డీ పెంచమని ఆయనే అడిగాడు. బ్యాంకు అడగలేదు మామయ్యా! తనంతట తనే, తన వడ్డీ పెంచమని అడిగాడు. వాళ్ళు ఎగిరి గంతేసి ఒప్పుకున్నారు. లోకంలో ఎవడైనా తన వడ్డీ తనే పెంచుకుంటాడా?"

"వాడికేమన్నా మతిపోయిందా?"

"మతి ఉండబట్టే. నువ్వు పదకొండో పేజీ లెక్కపెట్టావు, ఆయన చదివాడు. ఒట్టి గడువు పెంచితే నువ్వు బయటపడవని ఆయనకి తెలుసు. నీకు తెలియకుండా వడ్డీ మారితేనే నీ సంతకం చెల్లకుండా పోతుంది. నీకు తెలిస్తే మాత్రం అంతా వృథా. అందుకే తీర్పొచ్చిన మర్నాడే వీధి మధ్యలో నీతో గొడవ పెట్టుకున్నాడు, అందరూ చూసేలా. బోనులో ఒక్క అబద్ధం ఆడాడేమో గుర్తుచేసుకో. చెప్పదలుచుకోలేదన్నాడు. అది నిజమే కదా?"

బైండరు కాగితం తీసుకున్నాడు. ప్రెస్సాయన చేతిరాత, పక్కన తప్పులు దిద్దిన ఎర్ర గీతలు.

"మరి ఆ బాకీ?"

"అంతా ఆయన మీదే. వేరేవాళ్ళ ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతున్నాడు. జీతంలో సగం నెలనెలా బ్యాంకుకి పోతుంది. బతికున్నంత కాలం పోతుంది."

చెప్పులు వేసుకున్నాడో లేదో కూడా చూసుకోలేదాయన. గోదాముల వెనక వీధిలో, మేడ మీద ఒక గదిలో ప్రెస్సాయన కాపురం. పైకెక్కేసరికి ఆయాసంతో ఊపిరాడలేదు. తలుపు కొట్టాడు. ప్రెస్సాయన భార్య తీసింది. ఈయన్ని చూసి ఆవిడ కళ్ళు నిండిపోయాయి, కానీ గుమ్మంలోనించి పక్కకి జరగలేదు.

"అన్నయ్యగారూ..." అని లోపలికి చూసింది.

లోపల్నించి గొంతు వచ్చింది. "నేను ఇంట్లో లేనని చెప్పు."

"ఆయన ఇంట్లో లేరటండీ," అందావిడ, ఏడుస్తూ నవ్వుతూ.

"చెల్లెమ్మా, కేసు అయిపోయిందని చెప్పు వాడితో. గెలిచామని చెప్పు."

"బ్యాంకు వాళ్ళకి పైకోర్టుకెళ్ళడానికి తొంభై రోజుల గడువుందని చెప్పు. అందాకా మాటల్లేవు. ఈ మెట్లెక్కడం ఎవరైనా చూశారేమో కనుక్కో," అంది లోపలి గొంతు.

"ఇప్పుడు మాట్లాడితే ఏం కాదని మా లాయరు పిల్ల చెప్పిందని చెప్పమ్మా."

"నోటిమాటా, రాసిచ్చిందా?"

బైండరు పై మెట్టు మీద కూర్చుండిపోయాడు. గోడకి అవతల, నాలుగు అడుగుల దూరంలో, కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినిపిస్తోంది. "అట్ట తిరగేశానని ఎందుకన్నాడో అడుగు చెల్లెమ్మా. ఇంకేదైనా అనకూడదూ?"

"ఇంకేమన్నా మర్నాటికి మర్చిపోయి టీ తాగుదాం రమ్మనేవాడు," అంది గొంతు, ఇందాకటంత గట్టిగా లేదు. "పని మీద అంటేనే వాడు పంతం పడతాడు."

"రెండేళ్ళు," అన్నాడు బైండరు. ఇప్పుడు ఆవిడతో కాదు, గోడతోనే అంటున్నాడు. "ఆ రోజే నాతో చెబితే నేనేమనేవాణ్ణో తెలుసా వాడికి?"

"తెలుసు. షాపు అమ్మి కట్టేద్దాంరా అనేవాడు. అందుకే చెప్పలేదు."

బైండరు నిజంగా అదే అనేవాడు కదా! మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. అరవై రెండేళ్ళ మనిషి, జిగురు పట్టిన చేతులతో మొహం కప్పుకుని, సిగ్గూ ఎగ్గూ లేకుండా భోరున ఏడ్చాడు. కింద వీధిలో ఎవరో తలెత్తి చూశారు. ప్రెస్సాయన భార్య ఏం చెయ్యాలో తోచక కొంగు నోట్లో కుక్కుకుంది.

కుర్చీ జరిగింది. పాత చెప్పుల చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగింది. చాలాసేపు అక్కడే ఆగింది. తరవాత ఒక సన్నటి చెయ్యి బైండరు చొక్కా భుజం పట్టుకుని పైకి లాగింది.

"ఊరుకోరా. లోపలికొచ్చి ఏడువు, ఎవరైనా చూస్తారు," అన్నాడు ప్రెస్సాయన.